మామూ గిటార్‌కి కొత్త లంగర్

మా చిన్న మామూ గిటార్ ఖరాబైందని మా ఖాందాన్‌లో ముప్పై ఏళ్లుగా అందరికీ తెలుసు. గిటార్ కంటే ముందు మామూ కాన్‌లే ఖరాబయ్యాయని కూడా అందరూ నమ్మారు. ఏ షాదీలోనైనా పిల్లలు పాట ఎత్తుకుని సుర్ తప్పితే "క్యా మియా, మామూకే పాస్ సీఖే క్యా?" అని మజాక్ చేయడం మావాళ్లకి ఆదత్. ఆయన ఎదురుగా ఉన్నా చేసేవాళ్లు. ఆయనా నవ్వేవాడు.

అసలు ఖరాబైంది అరచేతి కంటే కాస్త పొడవున్న ఒక ఇనుప ముక్క. ఇంగ్లిష్‌లో టెయిల్‌పీస్ అంటారు. తోక ముక్క అనుకోండి. పోయిన రంజాన్ తర్వాత దాన్ని తీయించి కొత్తది వేయించాను. తిరుగుడు రెండు నెలలు, ఖర్చు రెండు వేలకు లోపు. ఇంత చిన్న మరమ్మతుకి ఇంత పెద్ద కహానీ ఎందుకంటే, ఆ ముక్క వల్ల ఒక మనిషి తన చెవుల్ని తానే నమ్మడం మానేశాడు గనక.

ముందు ఆ బాజా ఎలాంటిదో చెప్పాలి. మనం మామూలుగా చూసే గిటార్‌కి పొట్ట మీద గుండ్రటి బొక్క ఉంటుంది. తీగలు ఆ బొక్క దాటి ఒక చెక్కపట్టీలో దిగిపోతాయి. ఆ పట్టీని పైపలకకి గట్టిగా అతికించేసి ఉంటారు. మామూది ఆ రకం కాదు. పైపలక తాబేలు వీపులా ఉబ్బెత్తుగా ఉంటుంది. గుండ్రటి బొక్క ఉండదు, వయొలిన్‌కి ఉన్నట్టు ఇటొకటి అటొకటి రెండు వంకర చీలికలు ఉంటాయి. దీన్ని ఆర్చ్‌టాప్ అంటారు. బాజాల దుకాణాల్లో జాజ్ గిటార్ అంటే చాలు, తెలిసిపోతుంది.

ఈ రకం పుట్టింది అమెరికాలో. 1922లో గిబ్సన్ కంపెనీ ఎల్-5 అనే గిటార్ తెచ్చింది. లాయిడ్ లోర్ అనే ఆయన చేతిలో రూపం దిద్దుకుంది. వయొలిన్ చీలికల్ని గిటార్ పొట్ట మీదికి తెచ్చింది అందులోనే. అప్పటికి గిటార్‌కి కరెంటు లేదు. ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, డ్రమ్ముల మధ్య కూర్చున్న గిటార్‌వాడు ఎంత కొట్టినా జనానికి వినపడేది కాదు. ఉబ్బెత్తు పలక, చీలికలు, తోక ముక్క అన్నీ ఆ శోర్‌లో తన గొంతు వినిపించుకోవడానికి చేసిన ఇంతజామ్‌లే. ఆ సంగీతం మన దేశానికీ తొందరగానే వచ్చింది. 1935లో లియన్ ఆబీ అనే నల్లజాతి అమెరికన్ తన బృందంతో బొంబాయి తాజ్‌మహల్ హోటల్‌లో వాయించాడు. గోవా నుంచి వచ్చిన వాద్యకారులు ఆ వరసల్ని సినిమా స్టూడియోల్లోకి మోసుకెళ్లారు. అట్లా అది మన రేడియోల్లోకి, అక్కణ్నుంచి కడపలో దర్జీ పని నేర్చుకుంటున్న ఒక కుర్రాడి చెవుల్లోకి వచ్చి పడింది.

మనవాళ్లకి ఇంకో సంగతి నచ్చుతుంది. ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సాహెబ్ శాగిర్ద్ బ్రిజ్‌భూషణ్ కాబ్రా ఇదే ఆర్చ్‌టాప్‌ని ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ రాగాలు వాయించారు. 1967లో శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా బాన్సురీ పక్కన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'లో వినపడే గిటార్ ఆయనదే. తర్వాత విశ్వమోహన్ భట్ దీనికి ఇంకా తీగలు చేర్చి మోహన్‌వీణ అన్నారు. రై కూడర్‌తో కలిసి 1994లో గ్రామీ తెచ్చుకున్నారు. అంటే ఇదేమీ మనకి అజ్నబీ బాజా కాదు. అసలు గిటార్ అనే మాటే అరబీ 'కితారా' మీదుగా స్పెయిన్ చేరింది, అరబీకి యూనాన్ నుంచి వచ్చింది. మాటల విషయంలో నాకిలాంటి పిచ్చి ఉంది. చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. ఒక మాట కనపడితే అది ఏ సరిహద్దు దాటి వచ్చిందో ఆరా తీయకుండా వదల్లేను.

మామూ గిటార్ కలకత్తాలో ప్లైవుడ్ వంచి చేసిన సస్తా మాల్. నేను దాన్ని తిట్టను. ఆ సస్తా మాల్ లేకపోతే ఆ కాలంలో ఒక దర్జీ చేతికి గిటార్ వచ్చే మాటే లేదు. ఎవరో రైల్వే ఉద్యోగి దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే దాని మీద రెండు బొబ్బర్లు ఉండేవట.

ఎనభైల్లో కడప, కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, ఎక్కడ చూసినా ఆర్కెస్ట్రా పార్టీలు. పెళ్లిళ్లకి, వినాయక చవితి పందిళ్లకి, శ్రీరామనవమికి, ఉర్సులకి అవే పార్టీలు తిరిగేవి. మామూ పగలు మిషన్ తొక్కేవాడు, రాత్రి గిటార్ వాయించేవాడు. పందిట్లో దేవుడి పాటలకి, షాదీఖానాలో 'యాదోం కీ బారాత్' పాటలకి అదే గిటార్. ఆ సినిమాలో 'చురాలియా' పాట మొదట్లో వచ్చే గిటార్ వాయించింది భూపిందర్ సింగ్, తర్వాత గజల్స్‌తో పేరు తెచ్చుకున్న ఆయనే. ఆ ముక్క పలికించడానికి మామూ నాలుగు నెలలు వేళ్లు కాయలు కాచేట్టు రియాజ్ చేశాడని అమ్మీ చెబుతుంది. చెబుతూ మొహం చిట్లిస్తుంది, కానీ 'నాలుగు నెలలు' అనేటప్పుడు ఆమె గొంతులో కొంచెం ఫక్ర్ ఉంటుంది.

కొన్నాళ్లకి సుర్ జారడం మొదలైంది. తీగలన్నీ బాగా మిలాయించుకుని స్టేజీ ఎక్కేవాడు. ఖాళీ తీగలు మీటితే అంతా సరిగ్గానే ఉండేది. మొదటి మూడు నాలుగు మెట్ల మీద కూడా ఫర్వాలేదు. చేయి పొట్ట వైపు జరిగేకొద్దీ పలుకు పక్కకి పోయేది. ఏడో మెట్టు దగ్గర పట్టు పడితే పాడే మనిషి తిరిగి చూసేవాడు. పాటకీ పాటకీ మధ్య మళ్లీ మిలాయించేవాడు, రెండు పాటలు కాకముందే మళ్లీ జారేది. "సుర్ మిలానేమేఁచ్ ఆధీ రాత్ గయీ ఇస్కీ" అని పార్టీ మాలిక్ మైకులోనే అన్నాడట ఒకసారి. జనం నవ్వారు. దానికి తోడు తర్వాత బిగించిన పికప్ నుంచి 'గుంయ్' మని ఒకటే మోత. మైక్‌సెట్‌వాడు గిటార్ మీద, గిటార్‌వాడు మైక్‌సెట్ మీద చెప్పుకునేవాళ్లు.

తనకి వినపడేది తప్పా, వేళ్లు తప్పా, అందరి మాట తప్పా అని మనిషికి ఒకసారి షక్ పుట్టిందంటే ఇక అంతే. మామూ 1991లో గిటార్‌ని దుప్పటిలో చుట్టి కర్నూల్లో అక్క ఇంట్లో, అంటే మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. కడపలో ఉంచితే నానా విరగ్గొడతాడని భయం. అమ్మీతో "అమానత్ హై ఆపా" అన్నాడు. తర్వాత ఎప్పుడూ అడగలేదు.

అమ్మీకి బాజాలంటే గిట్టదు. బాజా ఉన్న ఇంట్లో బర్కత్ ఉండదంటుంది. మన ఇళ్లల్లో ఈ ఝగడా కొత్త కాదు. దఫ్ తప్ప మరేదీ జాయెజ్ కాదనే ఆలిమ్‌లు ఉన్నారు, చిష్తీ ఖాన్‌ఖాహ్‌ల్లో సమా వింటూ కళ్లనీళ్లు పెట్టుకున్న బుజుర్గులూ ఉన్నారు. ఇమాం గజాలీ అంతటి ఆయన 'ఇహ్యా'లో సమా గురించి పెద్ద బాబే రాశారు. కడప పెద్ద దర్గా ఉర్సులో ఖవ్వాలీ వినడానికి వచ్చే జనంలో సగం మంది ఇళ్లల్లో బాజా ఉండదు. ఫత్వాలు ఇచ్చే పని నాది కాదు. అమ్మీ నియ్యత్ మాత్రం నాకు తెలుసు. 2009 అక్టోబర్ 2, జుమా రోజు, తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీ మీద పడ్డప్పుడు అమ్మీ మిద్దె మీదికి మోసిన సామాన్లు మూడే. ఖురాన్ షరీఫ్, ఇంటి కాగితాల పెట్టె, దుప్పటిలో చుట్టిన ఆ గిటార్. బియ్యం మూటలు పోయాయి, తన షాదీ చీరలు బురదలో కలిసిపోయాయి. తర్వాత ఎవరో అడిగితే "పరాయా మాల్ హై, పానీమే కైసా ఛోడూఁ" అంది.

పోయిన రంజాన్‌లో అదే దుప్పటి విప్పి నా ముందు పెట్టింది. తనకి డెబ్బై దాటాయి. ఇచ్చేయాల్సినవన్నీ ఇచ్చేయాలనే తొందర ఈ మధ్య ఎక్కువైంది. "వాపస్ దేనాచ్ హైతో అచ్ఛా కర్‌కే దే" అంది. టూటా హువా అమానత్ ఇవ్వకూడదట.

కర్నూల్లో గిటార్ అమ్మే దుకాణాలు ఉన్నాయి. ఇద్దరు ముగ్గురు చూసి, దీనికి పెట్టే ఖర్చుతో కొత్తది వస్తుంది సార్ అన్నారు. నిజమే, వస్తుంది. మూడో వారం పాతబస్తీలో హార్మోనియంలు, తంబూరాలు, భజన బాజాలు బాగుచేసే ఒక ఆచారి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన గిటార్ తిప్పి కింది కొస చూసి "నాగపాశం పోయిండాది సారూ" అన్నాడు.

వీణ మీద తీగలన్నీ వెళ్లి కట్టుకునే చోటు పేరు నాగపాశం. నాగపాశానికీ తీగకీ మధ్య చిన్న లోహపు కొక్కేలు ఉంటాయి. వాటి మీద ఉంగరాలు జరిపి సన్నగా శ్రుతి సవరించుకుంటారు. వాటిని ఏమంటారని అడిగాను. "లంగర్లు" అన్నాడు. నేను అక్కడే ముక్కాలిపీట మీద కూర్చుండిపోయాను. లంగర్ ఫార్సీ మాట. ఓడని నీళ్లల్లో నిలబెట్టేది లంగర్, తెలుగులోనూ లంగరే. దర్గాలో ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టేచోటూ లంగరే. అది సరస్వతీ వీణ కొసకి వచ్చి కూర్చుని ఎన్ని వందల ఏళ్లయిందో, ఆచారికి అది పరాయి మాట అనే ఖయాలే లేదు. కడపలో కొలువు చేసిన బ్రౌన్ దొర తెలుగులో కలిసిపోయిన ఇలాంటి మాటల కోసం విడిగా ఒక నిఘంటువే చేశాడు. ఆచారి బ్రిడ్జిని 'గుర్రం' అన్నాడు. మన సారంగీవాళ్లు దాన్నే 'ఘోడీ' అంటారు. రెండు భాషల్లోనూ తీగలు స్వారీ చేసేది గుర్రం మీదే.

ఈ ఘోడీ సంగతి అర్థమైతే మామూ కష్టం అర్థమవుతుంది. మామూలు గిటార్‌లో ఘోడీని పలకకి అతికిస్తారన్నాను కదా. ఆర్చ్‌టాప్‌లో దాన్ని దేనికీ అతికించరు. ఊరికే పలక మీద నిలబెడతారు. పైనుంచి తీగలు నొక్కుతుంటాయి గనక అది నిలబడి ఉంటుంది, అంతే. ఆరు ఉక్కు తీగల లాగుడు మొత్తం కలిపితే అరవై, డెబ్బై కిలోలు ఉంటుంది, ఒక మనిషి బరువు. ఆ బరువుని పట్టుకునేది ఘోడీ కాదు, వెనక ఉన్న టెయిల్‌పీస్. గిటార్ కింది కొసకి మూడు స్క్రూలతో బిగించిన రేకు, దానికి తలుపు బందులాంటి ఒక కీలు, కీలు నుంచి పైకి వంగి వచ్చిన రెండు కమ్మీలు, వాటి చివర తీగల గుండీలు దూరే అడ్డపట్టీ. అది ఇటు జరిగితే తీగలు ఇటు జరుగుతాయి. తీగలతో పాటు ఘోడీ జరుగుతుంది.

ఘోడీ జరిగితే ఏమవుతుంది? మెడ మీద మెట్లు ఉన్నాయే, వాటి లెక్క ఖచ్చితం. తల దగ్గరి ఎముకపట్టీ నుంచి పన్నెండో మెట్టుకి ఎంత దూరమో, అక్కణ్నుంచి ఘోడీకి దాదాపు అంతే దూరం ఉండాలి. మెట్లు కదలవు. ఘోడీ రెండు మూడు మిల్లీమీటర్లు జరిగినా లెక్క మొత్తం తప్పుతుంది. వింత ఏమిటంటే ఖాళీ తీగలో ఈ తప్పు కనపడదు. మర మెలిపెట్టి మిలాయిస్తే అది సరిగ్గానే పలుకుతుంది. మెట్టు మీద నొక్కినప్పుడే ఝూట్ బయటపడుతుంది, పైకి పోయేకొద్దీ పెద్ద ఝూట్. మామూ వింటున్నది నిజం. వేళ్లు పెట్టిన చోటూ నిజం. మధ్యలో చెక్కముక్క ఒకటి జరిగి కూర్చుంది.

ఆచారి మేస్త్రీలు వాడే సుద్ద దారం తీసి, తల దగ్గర ఎముకపట్టీ నడిమధ్య నుంచి కింది కొస దాకా లాగి పట్టుకోమన్నాడు. దారం మెడ మధ్యలోంచి పోయింది. టెయిల్‌పీస్ మధ్యలోంచి పోలేదు. సన్న తీగల వైపు నాలుగు మిల్లీమీటర్లు పక్కకి ఉంది. స్క్రూ డ్రైవర్ పెట్టగానే మూడు స్క్రూల్లో రెండు పట్టు లేకుండా గిరగిరా తిరిగాయి. బొక్కల్లోంచి అగ్గిపుల్లల ముక్కలు రాలాయి. ఎవరో ఎప్పుడో వదులైన స్క్రూలకి అగ్గిపుల్లలు కుక్కి బిగించారు. మామూకి ముందా, తర్వాతా తెలియదు. కీలులోని పిన్ను అరిగి బొక్క కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. రాత్రంతా తీగలు లాగుతుంటే, డ్రమ్ముల అదురుకి ఆ రేకు వెంట్రుక వాసి వెంట్రుక వాసి జరుగుతూ పోయిందన్న మాట. రెండు పాటలకోసారి సుర్ జారిందంటే జారదా మరి!

"కలకత్తా తేమలో చేసిండే చెక్క. మన ఎండకి ఎండిపోతాది, బొక్క పెద్దదైతాది, స్క్రూ వదులైతాది. వీణలకీ ఇదే తిప్పలు" అన్నాడు ఆచారి. మన ఎండల సంగతి మీకు చెప్పేదేముంది. ఏప్రిల్, మే నెలల్లో కడపలో తలుపులే బీటలిస్తాయి, ప్లైవుడ్ ఎంత?

రేకు విప్పితే కింద ఇంకొకటి కనపడింది. పికప్ నుంచి సన్నటి తీగ ఒకటి లోపలి నుంచి వచ్చి టెయిల్‌పీస్‌ని తాకాలి. దాని వల్ల ఆరు తీగలూ ఎర్త్ అవుతాయి, వాయించేవాడి చేయి తీగల మీద పడగానే మోత తగ్గుతుంది. అది తెగిపోయి తుప్పుపట్టి ఉంది. ఆ 'గుంయ్' కూడా తేలిపోయింది. మైక్‌సెట్‌వాడు బేకసూర్.

కొత్త టెయిల్‌పీస్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొదటిది పనికి రాలేదు. అది బల్లపరుపు పలక గిటార్ల కోసం చేసింది, దాని వంపు వేరు. బిగించి చూస్తే అడ్డపట్టీ ఎత్తుగా లేచి నిలబడింది. తీగలు ఘోడీ మీదుగా దిగాల్సినంత దిగలేదు. ఆ దిగుడు కోణం ముఖ్యం. తక్కువైతే తీగలు ఘోడీని నొక్కవు, అది చిటపటమంటూ జరిగిపోతుంది. మరీ ఎక్కువైతే పైపలకని నలిపేస్తుంది. వెనక్కి పంపించి, పాత దాని పొడవు, రేకు వెడల్పు, వంపు, గుండీల మధ్య దూరం ఆచారి కాగితం మీద గీసిస్తే ఆ కొలతలు చూసి రెండోది తెప్పించాను. ఎనిమిది వందల యాభై రూపాయలు. ఇలాంటి పని చేయించేవాళ్లు ఎవరైనా ఉంటే, ఫోటో చూసి కొనకండి, కొలతలు చూసి కొనండి.

పాత బొక్కల్ని ఆచారి అట్లాగే వాడలేదు. అగ్గిపుల్లలు మొత్తం పీకి, టేకు పుల్లల్ని సన్నగా చెక్కి, ఫెవికాల్ రాసి బొక్కల్లో దిగ్గొట్టి ఒక రాత్రి ఆరనిచ్చాడు. మరుసటి రోజు పైకి వచ్చిన కొసలు కోసి, సుద్ద దారం మళ్లీ లాగి, గీత మీదే చేతి బర్మాతో స్క్రూ కంటే సన్నటి బొక్కలు వేశాడు. స్క్రూలకి సబ్బు రాసి తిప్పాడు, చెక్క చీలకుండా. నేను చూస్తూ కూర్చున్నాను. జర్నలిస్టుగా ఇన్నేళ్లలో మరమ్మతుల గురించి ఒక వార్త రాసిన గుర్తు లేదు. కూలిన బ్రిడ్జి వార్త అవుతుంది, బాగైన బ్రిడ్జి కాదు.

తీగలెక్కించాక ఘోడీని కూర్చోబెట్టే పని. పన్నెండో మెట్టు పైన తీగని వేలితో తేలిగ్గా తాకి మీటితే గంటలాంటి సన్నటి పలుకు వస్తుంది. అదే మెట్టు మీద నొక్కి మీటాలి. రెండూ ఒకటే పలకాలి. నొక్కినది పైకి పోతే ఘోడీని తోక వైపు జరపాలి, దిగితే మెడ వైపు. లావు తీగ వైపు ఒకసారి, సన్న తీగ వైపు ఒకసారి, మళ్లీ మొదటికి. ఆచారి చెవికి మిషన్ అక్కర్లేదు, హార్మోనియం స్వరం పట్టుకుని గంటన్నరలో తేల్చాడు. మూడు వందలు తీసుకున్నాడు. ఇంకో వంద ఇవ్వబోతే "వద్దు సారూ, ఆయన వాయిస్తే ఫోన్‌లో పట్టి పంపు" అన్నాడు.

కర్నూలు నుంచి కడపకి బస్సులో తీసుకుపోయాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. తీగలు పూర్తిగా వదులు చేస్తే ఘోడీ పడిపోతుందని ఆచారి కొంచెమే దించి, ఘోడీ పాదాల చుట్టూ కాగితం టేపు అంటించి ఇచ్చాడు.

మామూ దుకాణం ఇప్పుడు పేరుకే దర్జీ దుకాణం. రెడీమేడ్‌లు వచ్చాక కుట్టుడు పోయింది, పొడవు తగ్గించడం, జిప్పులు మార్చడం మిగిలింది. గిటార్‌ని చూసి లేవలేదు. కళ్లజోడు పైకి నెట్టి, "ఆపా భేజీ?" అన్నాడు. హౌ అన్నాను. చేతిలోకి తీసుకుని ముందు కింది కొస చూశాడు, తర్వాత నన్ను చూశాడు. కొత్త ముక్క ఎందుకేశారని అడిగాడు. సుద్ద దారం సంగతి, నాలుగు మిల్లీమీటర్ల సంగతి, అగ్గిపుల్లల సంగతి చెప్పాను. మెట్ల లెక్క కూడా చెప్పబోయాను. మధ్యలోనే మెడలో వేలాడే ఇంచ్‌టేప్ తీసి ఎముకపట్టీ నుంచి పన్నెండో మెట్టుకి కొలిచాడు. అక్కణ్నుంచి ఘోడీకి కొలిచాడు. లావు తీగ కింద ఒకసారి, సన్న తీగ కింద ఒకసారి. నలభై ఏళ్లు ఇతరుల భుజాలు కొలిచిన మనిషి, తన గిటార్‌ని ఎన్నడూ కొలవలేదు. టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు.

సుర్ మిలాయించడానికి ఐదు నిమిషాలు పట్టింది. మర తిప్పే చేయి వణుకుతోంది గానీ ఆగాల్సిన చోట ఆగుతోంది. ఖాళీ తీగలు మీటాడు. మూడో మెట్టు. తర్వాత చేయి నేరుగా ఏడో మెట్టుకి పోయింది. పట్టు పట్టి ఒక్కసారి మీటి, నాదం పూర్తిగా ఆగేదాకా కదలకుండా విన్నాడు. పదో మెట్టు. మళ్లీ ఏడు. దుకాణం బయట ఆటోలు పోతున్నాయి. జిప్పు మార్చడానికి వచ్చిన కుర్రాడు ప్యాంటు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"మాలిక్ మరే సో ఛే సాల్ హుయే" అన్నాడు చివరికి. ఆ పార్టీ మాలిక్ గురించి. ఆరేళ్లయింది పోయి. పాడే మనిషి అంతకుముందే పోయాడు. మైకులో అన్న మాట విని నవ్విన జనం ఎవరో, ఎక్కడున్నారో. ఇప్పుడు ఈ నాలుగు మిల్లీమీటర్ల సంగతి ఎవరికి పోయి చెప్పాలి? నాకు జవాబు తోచలేదు. ఆయన కూడా జవాబు కోసం చూడలేదు. వంగిపోయిన వేళ్లతో ఏదో పాట ఎత్తుకున్నాడు, రెండు చోట్ల ఆగాడు. ఈసారి ఆగింది వేళ్ల వల్లే. ఆయనకీ తెలుసు, అందుకే ఆ ఆగడంలో షర్మ్ లేదు.

అమ్మీ ఫోన్ చేసింది. "పౌంచా క్యా అమానత్?" అంది. చేరింది, మామూ వాయిస్తున్నాడు, వింటావా అన్నాను. "నక్కో" అంది వెంటనే. ఫోన్ మాత్రం పెట్టేయలేదు. నేను కూడా ఏమీ మాట్లాడకుండా ఫోన్‌ని బల్ల మీద పెట్టాను.

పాత టెయిల్‌పీస్ నా సంచిలో ఉంది. పారేద్దామనుకున్నది, మామూ అడిగి తీసుకున్నాడు. కీలుని ఇటూ అటూ ఆడించి, అరిగిన బొక్కలో గోరు పెట్టి చూసి, బటన్లు పెట్టే సొరుగులో వేశాడు. కుర్రాడి ప్యాంటు అందుకుని జిప్పు విప్పుతూ, తీగలు ఏ నంబర్ వేయించావని అడిగాడు. చెప్పాను. అవి లావు అన్నాడు. ఈ వయసు వేళ్లకి ఇంకా సన్నవి కావాలట, ఈసారి వచ్చేటప్పుడు పదో నంబర్ సెట్ తెమ్మన్నాడు.